పట్టేసిన బోల్టు, కారే ఆయిలు: పాత కారుకి ఏ దారి మంచిది?

కాకినాడలో మా ఇంటి ముందు నాన్నగారి మారుతీ 800 థర్మోస్టాట్ మూత విప్పుతున్నాను. పది నంబరు పానా పట్టే సన్న బోల్టు. మొదట కదల్లేదు. పానాకి పైపు ముక్క తొడిగి లాగితే కదిలింది. విడిపోయే బోల్టు 'టక్'మని చప్పుడు చేసి వదులుతుంది. ఇది ఏ చప్పుడూ లేకుండా, ముదిరిన పాకంలో గరిటె తిరిగినట్టు మెత్తగా పావు చుట్టు తిరిగింది. ఆ మెత్తదనం అంటే లోపల ఇనుము మెలిపడుతోందని నాకు అప్పటికి తెలియదు. ఇంకో పావు చుట్టుకి తల ఊడి పానాలోనే ఉండిపోయింది. విరిగిన చోటు వెండిలా మెరుస్తోంది, దాని చుట్టూ అల్యూమినియం మీద సున్నం లాంటి తెల్లటి పొడి. పది నిమిషాల పని కాస్తా లేత్ షాపులో ఒక రోజంతా పట్టింది.

అప్పటినుంచి బోల్టు విప్పాలన్నా, ఆయిల్ లీకు ఆపాలన్నా నేను ముందు చూసుకునేది ఒకటే: ఈ పద్ధతి ఫలించకపోతే చివరికి ఏం మిగులుతుంది? ఆయిల్ వేసి రాత్రంతా నానబెట్టినా బోల్టు రాకపోతే పోయేది ఒక రాత్రి. పైపు తొడిగి లాగినప్పుడు రాకపోతే పోయేది బోల్టు. డ్రిల్లు పక్కకి జారితే పోయేది ఇంజను హెడ్డు, అంటే సిలిండర్ల పైమూత. కింద చెప్పే పోలికలన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి. నా చెయ్యి తిరిగింది మారుతీ 800, ఓమ్నీ, అంబాసిడర్ల మీద కాబట్టి ఉదాహరణలూ వాటివే.

ముందు పానా సంగతి

బోల్టు తల అరిగిపోవడానికి తుప్పు కంటే పానాయే ఎక్కువ కారణం. రెండువైపులా నోరు తెరిచి ఉండే పానా బోల్టుని రెండు పక్కల మాత్రమే పట్టుకుంటుంది. పట్టేసిన బోల్టు మీద మొదటి లాగు దానితో వేయకండి. పన్నెండు మూలల రింగు పానా ఇరుకు చోట్ల సుఖంగా ఉంటుంది గానీ, దాని ఒత్తిడంతా బోల్టు తల మూలల మీదే పడుతుంది. ఆరు మూలల సాకెట్ చదునైన పక్కల్ని నొక్కుతుంది. తల కొంచెం అరిగిన బోల్టు మీద ఈ తేడా చేతికి తెలిసిపోతుంది. ఒకే సెట్టు కొనే స్థోమత ఉంటే ఆరు మూలలదే కొనండి.

మారుతీ బండ్లలో మరో మెలిక ఉంది. సుజుకీ జపాన్ కొలతల ప్రకారం చేసిన ఇంజను కాబట్టి 8 మిల్లీమీటర్ల బోల్టుకి తల 12 నంబరు, 10 మిల్లీమీటర్ల బోల్టుకి 14 నంబరు ఉంటుంది. చాలా సాధారణ సెట్లలో 13, 17 మీదే ధ్యాస. కొనేముందు 12, 14 ఉన్నాయో లేదో చూసుకోండి.

అంబాసిడర్‌ది వేరే కథ. 1489 సీసీ పాత ఇంజను బ్రిటిష్ బీఎంసీ డిజైను, దాని బోల్టులు అంగుళాల కొలత. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. దాని మీద 13 నంబరు పానా ఎక్కుతుంది, సరిపోయినట్టే అనిపిస్తుంది. ఆ 0.3 మిల్లీమీటర్ల ఖాళీయే తల గుండ్రం కావడానికి చాలు. నేను చూసిన పాత అంబాసిడర్లలో తలలు పోయిన బోల్టులు ఎక్కువగా ఈ అర అంగుళానివే. అందుకే ఆ బండి ఉన్నవాళ్లకి మంచి స్ప్రే కంటే ముందు అంగుళాల సాకెట్ సెట్టు కావాలి. కొత్తది దొరక్కపోతే ఆటోనగర్‌లో సెకండ్ హ్యాండ్ పనిముట్లు అమ్మేచోట వెతకండి.

నానబెట్టడం: డబ్బా స్ప్రేనా, డీజిలా?

షాపులో అడగ్గానే చేతికిచ్చేది డబ్ల్యూడీ-40. 1953లో అమెరికాలోని శాన్‌డియేగోలో తేమని తరిమేయడానికి తయారైన సరుకు. డబ్ల్యూడీ అంటే నీటిని తొలగించేది, 40 అంటే నలభయ్యో ప్రయత్నంలో కుదిరిన పాళ్లు. కొంచెం పట్టిన బోల్టుకి ఇది చాలు. పదేళ్లు కదలని బోల్టుకి మాత్రం తుప్పు వదిలించడానికే ప్రత్యేకంగా చేసిన పెనట్రేటింగ్ స్ప్రే మేలు, అది మరల మధ్య సందుల్లోకి ఇంకా లోతుగా దిగుతుంది. ఆ రకం డబ్ల్యూడీ-40 కంపెనీతో సహా చాలామంది అమ్ముతున్నారు. డబ్బా మీద ఏం రాసి ఉందో చదివి కొనండి.

షెడ్లలో డీజిలో కిరసనాయిలో పోసి వదిలేస్తారు. పల్చటివి కాబట్టి అవీ దిగుతాయి. టైముంటే డీజిలు చెడ్డ ఎంపికేం కాదు, త్వరగా ఆరిపోదు కూడా. బ్రేక్ ఆయిల్ పోసేవాళ్లూ ఉన్నారు. అది పడిన చోట పెయింటు లేచిపోతుంది కాబట్టి నేను దాని జోలికి వెళ్లను. ఆటోమేటిక్ గేరు ఆయిలు, అసిటోన్ సగం సగం కలిపే చిట్కా కూడా బాగానే పనిచేస్తుంది. కానీ ఆ రెండూ సరిగ్గా కలవవు, పోసే ప్రతిసారీ సీసా బాగా కుదపాలి. అసిటోన్ క్షణాల్లో అంటుకుంటుంది కూడా. వంటింటి దరిదాపుల్లో కలపకండి.

నిజానికి ఏ ద్రవం ఎంచుకున్నారనే దానికంటే ఎంతసేపు ఉంచారన్నది ముఖ్యం. సాయంత్రం ఒకసారి, పడుకునే ముందు ఒకసారి, పొద్దున ఒకసారి వేయండి. వేసిన ప్రతిసారీ బోల్టు తల మీద చిన్న సుత్తితో నిటారుగా నాలుగైదు దెబ్బలు. ఆ అదురుకి మరల మధ్య తుప్పు పగిలి ఆయిలుకి దారిస్తుంది. విప్పేటప్పుడు మొదట కొంచెం బిగించే వైపు కదపండి, తర్వాత విప్పే వైపు. కదిలిందా, ఆనందంతో ఒకేసారి తిప్పేయకండి. పావు చుట్టు విప్పి, వెనక్కి బిగించి, ఆయిల్ వేసి, మళ్లీ విప్పండి. నేను కాకినాడలో చేయనిది అదే.

లాగాలా, కొట్టాలా, కాల్చాలా?

బోల్టు లావుని బట్టి ఇక్కడ నిర్ణయం మారుతుంది. 6 మిల్లీమీటర్ల 8.8 గ్రేడు (బోల్టు బలం చెప్పే అంకె) బోల్టుని బిగించేదే సుమారు 10 న్యూటన్ మీటర్లతో (తిప్పే బలానికి కొలత). 8 మిల్లీమీటర్లదైతే 25 దాకా, 10 మిల్లీమీటర్లదైతే 45, 50 మధ్య. ఇప్పుడు రెండడుగుల రాడ్డు మీద 20 కిలోల బరువు వేశారనుకోండి, బోల్టు మీద పడేది దాదాపు 120 న్యూటన్ మీటర్లు. చక్రం నట్టుకీ, ఇంజను మౌంటు బోల్టుకీ రాడ్డు సరైన పనిముట్టే. పది నంబరు తల ఉన్న సన్న బోల్టుకి అది ఉరితాడు.

కరెంటుతోనో బ్యాటరీతోనో నడిచే ఇంపాక్ట్ గన్ చిన్న చిన్న దెబ్బలుగా తిప్పుతుంది, లావు బోల్టులకి రాడ్డు కంటే సురక్షితం. క్రాంక్ పుల్లీ బోల్టుకి దాన్ని మించింది లేదు. సన్న బోల్టుల మీద దాన్నీ వాడకండి. సుత్తితో కొడితే తిరిగే చేతి ఇంపాక్ట్ డ్రైవర్ ఒకటి దొరుకుతుంది, ధర కూడా తక్కువే. కార్బ్యురేటర్ మీదా, డిస్ట్రిబ్యూటర్ మీదా ఉండే స్క్రూలకి అది బంగారం: కొట్టిన దెబ్బకి లోపలికి నొక్కుతూనే తిప్పుతుంది కాబట్టి స్క్రూ గాడి చెడదు.

వేడి విషయంలో మీ ఇంజను ఏ లోహమో తెలియాలి. మారుతీ 800 బ్లాకు (సిలిండర్లుండే కింది భాగం) పోత ఇనుము, హెడ్డు అల్యూమినియం. ఒకే వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. 10 మిల్లీమీటర్ల రంధ్రాన్ని 100 డిగ్రీలు వేడెక్కిస్తే అది 0.023 మిల్లీమీటర్లు పెరుగుతుంది, అందులోని ఉక్కు బోల్టు 0.012 మాత్రమే. ఆ మిగిలిన కాస్త సందే పట్టు వదిలిస్తుంది. కాబట్టి అల్యూమినియంలో పట్టిన బోల్టుకి చుట్టూ ఉన్న లోహాన్ని వేడిచేయాలి. దానికి హీట్ గన్ చాలు. మరిగే నీళ్లు పోసినా కొన్నిసార్లు వదులుతుంది. గ్యాస్ మంట మాత్రం వద్దు. అల్యూమినియం 660 డిగ్రీలకి కరుగుతుంది, కరిగే ముందు ఇనుములా ఎర్రబడి హెచ్చరించదు. ఒక్క మినహాయింపు: స్పార్క్ ప్లగ్గుల్ని అల్యూమినియం హెడ్డులోంచి ఇంజను చల్లగా ఉన్నప్పుడే విప్పండి. వేడిలో ఆ మెత్తటి మరలు ప్లగ్గుతో పాటే చిరిగి వచ్చేయవచ్చు.

అంబాసిడర్‌లో హెడ్డూ బ్లాకూ రెండూ పోత ఇనుమే. ఇనుము, ఉక్కు ఇంచుమించు ఒకేలా వ్యాకోచిస్తాయి కాబట్టి చుట్టూ కాల్చి లాభం లేదు. అక్కడ బోల్టునే వేడిచేసి చల్లారనివ్వాలి. ఉబ్బేటప్పుడు తుప్పుని నలుపుతుంది, ముడుచుకునేటప్పుడు సందు వస్తుంది. గోరువెచ్చగా ఉండగా ఆయిల్ వేస్తే లోపలికి పీల్చుకుంటుంది. సైలెన్సర్ మానిఫోల్డ్ నట్లకి నాకు ఎక్కువగా ఫలితమిచ్చింది ఇదే. మంట లేకుండా కరెంటు చుట్టతో నట్టుని మాత్రమే ఎర్రగా చేసే ఇండక్షన్ హీటరు అన్నిటికంటే మంచిది. వేలల్లో ధర కాబట్టి ఇంటికి కొనక్కర్లేదు, అది ఉన్న షెడ్డు తెలిస్తే చాలు.

మంట వెలిగించే ముందు ఒక్క నిమిషం. స్ప్రే కొట్టిన చోట మంట పెట్టకూడదు, అది అంటుకునే సరుకే. పెట్రోలు పైపు, కార్బ్యురేటర్ దగ్గర అసలే వద్దు. బ్రేక్ క్లీనర్ తుడిచిన భాగాన్ని కాల్చకండి, అందులో క్లోరిన్ కలిసిన రకాలు వేడికి ప్రాణం తీసే విషవాయువుగా మారతాయి. పక్కన నీళ్ల బకెట్టు కాదు, ఇసుక గానీ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ గానీ పెట్టుకోండి.

తల ఊడిపోయాక

విరిగిన ముక్క కొంచెమైనా బయటికి ఉంటే, దాని మీద నట్టు పెట్టి లోపల వెల్డింగ్ చేయించి పానాతో తిప్పడమే నా మొదటి ఓటు. కొత్త నట్టు పట్టు ఇస్తుంది, వెల్డింగ్ వేడి బోల్టుని లోపలి నుంచే వదిలిస్తుంది. వెల్డింగ్ ఉక్కుకి అతుకుతుంది గానీ చుట్టూ ఉన్న అల్యూమినియానికి అతకదు, కాబట్టి హెడ్డుకి ప్రమాదం తక్కువ. మొదటిసారి ఊడినా ఇంకో నట్టు పెట్టి ప్రయత్నించవచ్చు. బ్యాటరీ వైర్లు తీసేశాకే మొదలుపెట్టమనండి.

'ఈజీ ఔట్' అని అమ్మే ఎదురు మరల ముక్క పేరుకి తగ్గట్టు ఏమీ ఉండదు. బోల్టు మధ్యలో బెజ్జం వేసి, దాన్ని దిగగొట్టి తిప్పుతారు. బోల్టు పట్టేసి ఉన్నందుకే కదా తల ఊడింది, దానికంటే సన్నటి ముక్కతో తిప్పితే ముక్కే విరుగుతుంది. అది గట్టిపరిచిన ఉక్కు. విరిగి లోపల ఉండిపోతే మామూలు డ్రిల్లు బిట్టు దాని మీద గీత కూడా పెట్టలేదు. పట్టేయకుండా, బిగింపు ఎక్కువై తెగిన బోల్టుకైతే వాడుకోండి. అంతకంటే ఎడమవైపు తిరిగే డ్రిల్లు బిట్టు మేలు: బెజ్జం వేస్తుండగానే చాలాసార్లు బోల్టు దానికదే బయటికి వస్తుంది.

అన్నీ అయిపోతే పూర్తిగా డ్రిల్లు చేసి హెలికాయిల్ వేయించడం. 6 మిల్లీమీటర్ల మరకి 6.3 బిట్టు వేసి, కొత్త మర కోసి, స్టీలు తీగ చుట్టని కూర్చోబెడతారు. అల్యూమినియంలో అది అసలు మర కంటే గట్టిగానే ఉంటుంది. బెజ్జం నిటారుగా, సరిగ్గా మధ్యలో పడాలి. అది చేతి డ్రిల్లుతో అయ్యే పని కాదనిపిస్తే లేత్ షాపుకి తీసుకెళ్లండి. నేను అదే చేశాను.

ఆయిల్ లీకు: మూలం ఎక్కడ?

కారు కింద మరక చూసి "క్రాంక్ సీలు పోయింది, గేర్‌బాక్సు దించాలి" అని చెప్పేవాళ్లు చాలామంది. క్రాంక్ సీలు అంటే ఇంజను తిప్పే ఇరుసు చివర ఆయిలుని ఆపే రబ్బరు చుట్ట. ఒప్పుకునే ముందు ఒక పూట ఆగండి. ఆయిలు కిందికి జారుతుంది, బండి నడుస్తుంటే గాలికి వెనక్కీ పాకుతుంది. కాబట్టి చుక్క పడే చోటు కాదు, అన్నిటికంటే ఎత్తున తడిగా ఉన్న చోటు చూడాలి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు డిస్ట్రిబ్యూటర్‌కి పాలిథిన్ కవరు చుట్టి, డీగ్రీజర్‌తో కడిగి ఆరబెట్టండి. అనుమానం ఉన్న చోట్ల ముఖానికి రాసుకునే పౌడరు చల్లి, పది కిలోమీటర్లు తిప్పుకు రండి. తెల్లటి పౌడరు మీద ఆయిలు దారి గీత గీసినట్టు కనిపిస్తుంది.

మారుతీ 800లో డిస్ట్రిబ్యూటర్ హెడ్డు చివర, గేర్‌బాక్సు వైపున ఉంటుంది. దాని 'ఓ-రింగు' (గుండ్రటి రబ్బరు చుట్ట) గట్టిపడితే ఆయిలు కిందికి జారి సరిగ్గా గేర్‌బాక్సు అతుకు దగ్గర చుక్కలుగా పడుతుంది, అచ్చం క్రాంక్ సీలు పోయినట్టే. రింగు కొన్ని పదుల రూపాయలది. ఆయిల్ ప్రెషర్ స్విచ్చి కూడా ఇలాంటి దొంగే. ఆయిల్ ఫిల్టర్ మార్చినప్పుడు పాత రబ్బరు రింగు బ్లాకుకే అంటుకుని, దాని మీద కొత్తది బిగిస్తే ధారగా కారుతుంది. ఈ మూడూ చూడకుండా గేర్‌బాక్సు దించనివ్వకండి.

వీటికంటే కూడా ముందు చూడాల్సింది బ్రీదర్ పైపు. పిస్టన్ రింగులు దాటి కిందికి వచ్చే పొగ బయటికి పోయే దారి అది. జిడ్డుతో పూడుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, ప్యాకింగులు బాగున్నా సీళ్ల అంచుల్లోంచి ఆయిలు తోసుకొస్తుంది. పైపూ, ఆ పొగని తిరిగి ఇంజనులోకి పంపే పీసీవీ వాల్వూ విప్పి కిరసనాయిలుతో కడగడానికి పైసా ఖర్చు లేదు. ఇది చేయకుండా కొత్త సీళ్లు వేస్తే అవీ కారతాయి. బ్రీదర్ శుభ్రంగా ఉన్నా ఆయిల్ మూత తీస్తే పొగ గుప్పుగుప్పుమని తంతుంటే రింగులు అరిగినట్టు. అప్పుడు ప్యాకింగుల మీద డబ్బు పెట్టొద్దు.

ప్యాకింగు ఏది, పూత ఏది?

టాపెట్ కవరుకి (హెడ్డు మీది రేకు మూత) కార్కు, రబ్బరు రెండూ దొరికితే రబ్బరే తీసుకోండి. కార్కు ఎండిపోయి ముడుచుకుంటుంది, కాస్త ఎక్కువ బిగిస్తే చీలుతుంది. పాత అంబాసిడర్‌కి ఎక్కువగా కార్కే దొరుకుతుంది. దాన్ని వేసేముందు అంచులు పూర్తిగా శుభ్రంచేసి, కవరు వైపు మాత్రం పల్చగా గమ్ము రాసి అతికించండి, హెడ్డు వైపు పొడిగా వదిలేయండి. మళ్లీ విప్పినప్పుడు ప్యాకింగు చిరగదు.

కింది ఆయిల్ చాంబర్ దగ్గర నేను ఎక్కువ టైము పెడతాను. కారేది ప్యాకింగు వల్ల అనుకుంటాం గానీ, చాలాసార్లు తప్పు రేకుది. ఏళ్ల తరబడి "ఇంకొంచెం టైట్ చేస్తే ఆగుతుంది" అని బిగించి బిగించి, బోల్టు బెజ్జాల చుట్టూ రేకు గుంటలు పడి పైకి లేచి ఉంటుంది. చాంబర్ దించాక అంచుని గాజు పలక మీద బోర్లించి చూడండి: బెజ్జాల దగ్గర ఆనుతుంది, మధ్యలో వెలుతురు కనిపిస్తుంది. చదునైన చెక్క దిమ్మ మీద పెట్టి, చిన్న సుత్తితో ఆ గుంటల్ని ఒక్కొక్కటిగా సరిచేయాలి. అరగంట పని. ఇది చేయకుండా వేసే ఏ ప్యాకింగైనా మూడు నెలలే.

సిలికాన్ పూత ఇక్కడ, అంటే వంగే రేకు దగ్గర, మంచి ఎంపిక. షెడ్లలో ఏ కంపెనీదైనా 'అనాబాండ్' అనే అడుగుతారు. రెండు, మూడు మిల్లీమీటర్ల సన్న ధార చాలు, బోల్టు బెజ్జాలకి లోపలి వైపుగా తిప్పి రావాలి. ఎక్కువైతే బయటికి ఎంత పొంగుతుందో లోపలికీ అంతే పొంగుతుంది. లోపల ఊడిన ముక్క వెళ్లి ఆయిల్ పంపు జల్లెడకి అడ్డుపడితే ఇంజనుకే ఎసరు. ట్యూబు విప్పగానే వెనిగర్ వాసన వస్తే అది బాత్రూము, కిటికీ పనుల రకం, లోహాన్ని తినేస్తుంది. వాడకండి. పూత వేశాక ఒక రోజు ఆరనివ్వాలి, ఆ రోజు ఆయిలు పోయకండి.

గట్టిగా మెషీన్ చేసిన రెండు లోహపు ముఖాలు కలిసే చోట గాలి తగలకపోతేనే గట్టిపడే అనరోబిక్ పూత సరైనది. రేకు చాంబర్‌కి అది పనికిరాదు. పైనుంచి ఎం-సీల్ మెత్తడం గురించి ఒక్క మాట: ఆయిలు తడి ఉన్న లోహానికి అది పట్టదు, లోపలి ఒత్తిడికి నిలవదు. ఊరు చేరడానికి సరే.

మందు పోసి ఆపవచ్చా?

'స్టాప్ లీక్' డబ్బాలు గట్టిపడిన రబ్బరు సీళ్లని మెత్తబరిచి ఉబ్బిస్తాయి. సీలు చెమర్చే స్థాయిలో ఉంటే కొన్ని నెలలు ఆగవచ్చు. చిరిగిన సీలుకి, వంగిన చాంబర్‌కి, కార్కు ప్యాకింగుకి దానివల్ల ఉపయోగం లేదు. చిక్కటి ఆయిలుకి మారడమూ అలాంటిదే: కారడం నెమ్మదిస్తుంది, ఆగదు.

వెనక క్రాంక్ సీలు నిజంగానే పోయిందని తేలితే, అది ఎంత కారుతోందో లెక్కగట్టి నిర్ణయించండి. ఇరవై చుక్కలు సుమారు ఒక మిల్లీలీటరు. ఇంజను నడుస్తున్నంతసేపూ నిమిషానికి ఒక చుక్క పడుతుంటే గంటకి 3 మిల్లీలీటర్లు. రోజుకి గంట నడిపే బండికి నెలకి వంద మిల్లీలీటర్ల లోపే. దానికోసం గేర్‌బాక్సు దించడం దండగ. వారానికోసారి డిప్‌స్టిక్ చూసుకుంటూ, క్లచ్ ప్లేట్లు మార్చే రోజుదాకా ఆగి రెండూ కలిపి చేయించండి. ఒకటే కూలి. అంబాసిడర్ పాత ఇంజనుకైతే వెనక క్రాంకు మీద రబ్బరు సీలే ఉండదు, ఆయిలుని వెనక్కి తోసే మర మాత్రమే ఉంటుంది. కొంచెం చెమర్చడం దాని స్వభావం.

ఆగి చూడకూడని, వెంటనే చేయించాల్సిన లీకులు మూడున్నాయి. సైలెన్సర్ మానిఫోల్డ్ మీద పడేది, ఎందుకంటే అది మంటకి దారి. టైమింగ్ బెల్టు మీద పడేది, ఆయిలు తాగిన బెల్టు ఉబ్బి పళ్లు ఊడుతుంది. క్లచ్ జారేలా చేసేది. వీటికి వాయిదా లేదు, ఆ వారమే చేయించండి.

తిరిగి బిగించేటప్పుడు తుప్పు పట్టిన పాత బోల్టు వాడకండి, కొత్తది కొన్ని రూపాయలే. కొనేటప్పుడు తల మీద 8.8 అని ఉందో లేదో చూడండి. అల్యూమినియంలోకి వెళ్లే ప్రతి బోల్టు మరలకీ కాపర్ గ్రీజు పల్చగా రాయండి. గ్రీజు రాసిన మర తేలిగ్గా తిరుగుతుంది కాబట్టి, పొడి మరకి చెప్పిన బిగింపు కంటే కొంచెం తక్కువలో ఆపండి. ఎదురెదురుగా ఉన్నవి ఒకదాని తర్వాత ఒకటి, రెండు విడతల్లో బిగించండి. ఆ రాత్రి బండి కింద ఒక అట్టముక్క పరిచి, దాని మీద తేదీ వేసి, ఇంజను ఎటువైపు ఉందో బాణం గుర్తు గీయండి. వారం తర్వాత ఇంకో అట్ట పెట్టి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.